గుడ్డబొమ్మకి వైద్యంలో చోటివ్వండి

సంపాదకుల గారికి నమస్కారం.

సంక్రాంతి బొమ్మల కొలువుల ఫోటోలు మీ పేపర్లో చాలా బాగా వేశారు. అవి చూస్తుంటే నాకొకటి అనిపించింది. బొమ్మలు కొనడం గురించి, మెట్ల మీద పేర్చడం గురించి ఇంత రాస్తాం, మాట్లాడతాం గానీ, బొమ్మని మన చేత్తో మనం చేసుకుంటే మనసుకి ఎంత తేలికవుతుందో ఎవరూ రాయడం లేదు. పాతిక కిలోమీటర్ల లోపే కొండపల్లి ఉన్న ఊరు మనది, ఆ మాట ఇక్కడి నుంచే రావాలి కదా అని రాస్తున్నాను.

నేను విజయవాడ సింగ్‌నగర్‌లో టైలరింగ్ చేస్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మా పేటల్ని ముంచేసిన సంగతి మీకు చెప్పక్కర్లేదు. నీళ్లు పోయాయి, బురద కడుక్కున్నాం, ఫ్రిజ్‌లు, పరుపులు మళ్లీ కొనుక్కున్నాం, కానీ మా సందులో రెండో తరగతి చదివే ఒక పాప మాత్రం వాన చప్పుడు వినిపిస్తే చాలు వణికిపోయేది. వాళ్లమ్మ ఎన్నిసార్లు అడిగినా "ఏం లేదు" అనేది. సాయంత్రాలు వచ్చి నా మిషన్ పక్కన కూర్చునేది, నేను కత్తిరింపులో మిగిలిన జాకెట్ ముక్కలు, కాస్త దూది ఇచ్చేదాన్ని. ఒకరోజు బొమ్మకి కాళ్లు కత్తిరించి ఇస్తే చాలవంది. ఇంకో ముక్క అతికించింది. అదీ చాలదంది. అలా అతికించి అతికించి, బల్ల మీద బొమ్మని కూర్చోబెడితే కాళ్లు కింద నేలకి తగిలేంత పొడుగు చేసింది. ఇంత పొడుగెందుకే అంటే, "నీళ్లొచ్చినా దీనికి నడుం దాకే వస్తాయి ఆంటీ" అంది. ఆ రోజు నుంచి మాటలు మొదలయ్యాయి. మేడ మీద చీకట్లో కూర్చున్న రాత్రి, పడవ తమ సందులోకి రాకుండా వెళ్లిపోవడం, కింద అరిచి అరిచి ఆగిపోయిన కుక్క, అన్నీ ఆ బొమ్మకి జరిగినట్టే చెప్పింది. తనకి భయమని ఒక్కసారి కూడా అనలేదు, "దీనికి భయం" అనేది.

తర్వాత తెలిసిన ఒక సైకాలజిస్టు గారిని అడిగితే, ఇందులో వింతేమీ లేదమ్మా, ఆర్ట్ థెరపీలో, అంటే బొమ్మలు గీయించి, చేయించి మనసు బాధ తగ్గించే వైద్యంలో, జరిగేది ఇదే అన్నారు. తన నోటితో చెప్పుకోలేని దాన్ని మనిషి బొమ్మ మీద పెట్టి చెప్పగలడు, పిల్లలే కాదు, భర్త పోయిన ఆడవాళ్లూ, రిటైరై ఇంట్లో ఎవరితోనూ మాట్లాడని మగవాళ్లూ అంతే. ఆర్ట్ థెరపీ అన్న పేరు 1942లో ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు పెట్టిందట. ఆయన క్షయతో శానిటోరియంలో మంచం మీదుండి బొమ్మలు గీసుకుంటూ, ఆ పని తనకి చేస్తున్న మేలు గమనించి తోటి రోగులకీ నేర్పాడు. చూడండి, మందులు అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లోనే ఒక రోగి కనిపెట్టిన దారి ఇది.

గుడ్డబొమ్మలో ఉన్న సుగుణం ఏంటంటే, కాగితం మీద బొమ్మ గీయమంటే "నాకు రాదు" అనేవాళ్లు కూడా పాత చీర ముక్క చేతిలో పెడితే ఏదో ఒకటి మడుస్తారు. దూది కూరుతుంటే, కుట్టు మీద కుట్టు వేస్తుంటే చేతికి ఒకే కదలిక, ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది, టెన్షన్ కాస్త దిగుతుంది. మొహం దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రతివాళ్లూ ఆగిపోతారు. కళ్లు తెరిచి ఉండాలా, మూసి ఉండాలా, నోరు ఎలా ఉండాలి? అక్కడ తొందరపెట్టకూడదు. మొహం లేకుండా వదిలేసినా ఫర్వాలేదు. వంకర కుట్టు పడితే విప్పి సరిచేయకూడదు, "ఎందుకిలా చేశావ్" అని అసలే అడగకూడదు, "వీళ్లెవరు, ఏమంటున్నారు" అంటే చాలు. దయచేసి దీన్ని కూడా పోటీ చేసి ఫస్ట్ ప్రైజు, సెకండ్ ప్రైజు అనకండి. అందంగా చేయాలనే దిగులు పడిందా, చెప్పాల్సిన మాట లోపలే ఉండిపోతుంది.

ఇది మందులకి బదులు కాదు, అది గట్టిగా చెప్తున్నాను. నిద్ర లేక, బతకాలని లేక బాధపడేవాళ్లని ముందు డాక్టరుకి చూపించాలి, లేదంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయాలి, ఏ వేళైనా పలుకుతారు. సూది, కత్తెర ఎవరికి ఇవ్వొచ్చో, ఎవరికి ఇవ్వకూడదో తెలిసిన మనిషి పక్కనుండాలి.

సూది ఇవ్వలేని చోటికి కొండపల్లి వాళ్ల పద్ధతి పనికొస్తుంది. వాళ్లు పొణికి కర్రతో భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, దాంతోనే నునుపు చేస్తారు. ఉలి పని అందరి వల్లా కాదు, కానీ ముందే చెక్కిన బొమ్మ ఇస్తే మక్కు రాయడం, రంగులు వేయడం ఎవరైనా చేయగలరు. అందుకే అధికారులకి నా మనవి: ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగానికీ, వృద్ధాశ్రమాలకీ, మన చుట్టూ ఉన్న ఇంటర్ హాస్టళ్లకీ వారానికి ఒక పూట ఒక కళాకారుణ్ణి, ఒక కౌన్సిలర్ని కలిపి పంపండి. కళాకారుడికి శాలువా కప్పి సరిపెట్టకుండా రోజు కూలి ఇవ్వండి, గిరాకీ తగ్గిందని వాళ్లూ బాధపడుతున్నారు. ఇంటర్ పిల్లలకి ఆ గంట స్టడీ అవర్ నుంచే తీసివ్వాలి, ఆదివారం నిద్రలోంచి కాదు.

ఇక మీ పత్రిక చేయగలిగింది ఒకటుంది. ఆదివారం పుస్తకంలో ముగ్గులు, వంటలు వేస్తారు కదా, ఒక వారం ఒక పేజీ గుడ్డబొమ్మ నమూనాకి ఇవ్వండి. తల, ఒళ్లు, చేతులు, కాళ్లు అసలు సైజులోనే వేయండి, పేజీ కత్తిరించి గుడ్డ మీద పెట్టి గీసుకునేలా. కుట్టుకి చుట్టూ అర అంగుళం వదలమని కింద రాయండి. నమూనా కావాలంటే నేనే గీసి పంపుతాను.

ఇట్లు,
ఒక టైలర్, సింగ్‌నగర్, విజయవాడ