ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడు మామా

మారతహళ్ళి, బెంగళూరు
డిసెంబరు నెలాఖరు

మామా,

ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచి నా మనసంతా కెనడాలో, విన్నిపెగ్‌లో మీ ఇంటి మీదే ఉంది. పొద్దున లేచేసరికి వంటింటి కుళాయి రాలేదన్నావు, పడగ్గది కిటికీ అద్దం మీద లోపలి వైపే వేలెడు మందాన మంచు కట్టిందన్నావు. ఫోన్‌లో ఏదో గబగబా చెప్పేశాను. పెట్టేశాక చెప్పాల్సినవి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సొంతింట్లో మీకిది మొదటి చలికాలం కదా. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు.

ఇక్కడ పొద్దున 15 డిగ్రీలు ఉంది. పాలబూత్ అబ్బాయి మంకీ క్యాప్‌లో నుంచి కళ్ళు మాత్రం కనిపించేలా కూర్చున్నాడు. అమ్మ శాలువా కప్పుకుని నిన్న రాత్రి నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. బెంగళూరులో ఇంతవరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలట, 1884 జనవరి 13న. నువ్వు చెప్పిన మైనస్ 32 అమ్మకి చెబితే, ఆ లెక్క ఆమెకు అందలేదు గానీ, 'పిల్లలు చెవులకి కట్టుకుంటున్నారా' అని మాత్రం నాలుగుసార్లు అడిగింది.

ముందు కుళాయి సంగతి. మీ వంటింటి సింక్ బయటి గోడకి ఆనుకుని ఉంది కదా, పైపు ఆ గోడ వెంబడే వస్తుంది. రాత్రి సింక్ కింది అల్మరా తలుపులు మూసేస్తే ఇంట్లో వెచ్చదనం ఆ పైపుకి తగలదు. చలి ముదిరిన రాత్రుల్లో ఆ తలుపులు బార్లా తెరిచి పెట్టు. కుళాయి సన్నటి దారలా కారనివ్వు. మళ్ళీ గడ్డకడితే కుళాయి తిప్పి ఉంచి, హెయిర్ డ్రయ్యర్‌తో కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి వెచ్చబెట్టుకుంటూ పో. మంట మాత్రం దగ్గరికి తేవద్దు, గోడలో ఉన్నది చెక్క. కుళాయి ఎందుకు తెరిచి ఉంచాలంటే, నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. ఆ గడ్డకీ మూసిన కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీళ్ళకి పోయే దారి ఉండదు. ఆ ఒత్తిడికే పైపు పగులుతుంది. గడ్డ ఒకచోట ఉంటే పగులు ఇంకోచోట రావచ్చు. అది తెలిసేది కూడా గడ్డ కరిగాకే, అందుకే నీళ్ళు వచ్చాయని సంతోషపడి వెళ్ళిపోకుండా ఓ అరగంట అక్కడే ఉండి కింద తడి తగులుతుందేమో పొడి చెయ్యి పెట్టి చూడు. బేస్‌మెంట్‌లో మీటరు పక్కన మెయిన్ వాల్వ్ ఉంటుంది. అది ఎటు తిప్పితే మూసుకుంటుందో చెల్లెమ్మకి, పెద్దోడికి ఈ రోజే చూపించు. ఆ గోడలో ఎప్పుడైనా చలిని ఆపే ఇన్సులేషన్ దూది పెట్టిస్తే పైపుకీ బయటి గోడకీ మధ్య పెట్టించు. పైపుకి ఇంటి వైపున పెడితే ఉన్న వెచ్చదనం కూడా దానికి అందకుండా పోతుంది.

నేను అక్కడికి వచ్చిన మొదటి చలికాలం 2013-14. ఆ ఏడు భూమి రెండు మీటర్లు దాటి గడ్డకట్టింది. ఇళ్ళలోవి కాదు, వీధి కింద పూడ్చిన నీళ్ళ పైపులే గడ్డకట్టాయి. ఊళ్ళో రెండు వేలకు పైగా ఇళ్ళకి నీళ్ళు ఆగిపోయాయి. మా వీధి చివరి ముసలావిడకి పక్కింటి నుంచి హోస్ పైపు వేసి నీళ్ళిచ్చారు. పెన్సిల్ లావున కుళాయి వదిలిపెట్టమని కార్పొరేషన్ వాళ్ళే చెప్పారు. మన చిత్తూరులో బిందె నీళ్ళ కోసం లారీ వెనక పరిగెత్తినవాణ్ణి, రాత్రంతా నీళ్ళు వృథాగా పోతుంటే ఆ చప్పుడుకి నాకు నిద్ర పట్టేది కాదు.

ఇక కిటికీ. ఇది జాగ్రత్తగా విను, అసలు నేను ఈ ఉత్తరం మొదలుపెట్టిందే దీనికోసం. నువ్వు 'కిటికీ సందుల్లోంచి చలి లోపలికొచ్చి మంచు కడుతోంది' అన్నావు. ఆ మంచు బయటి నుంచి వచ్చింది కాదు మామా. మీ ఇంట్లో నీళ్ళే. మీ అన్నం ఆవిరి, సాంబారు ఆవిరి, వేన్నీళ్ళ స్నానాలు, లోపల ఆరేసిన బట్టలు, నలుగురి ఊపిరి. అదంతా గాల్లో తిరిగి తిరిగి, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉన్న చోట వాలుతుంది. కిటికీ అద్దం మీద వాలితే కంటికి కనిపిస్తుంది. కనిపించని చోట వాలితేనే ఇల్లు పాడవుతుంది.

అమ్మ చర్మం పగులుతోందని, పిల్లలకి ముక్కులో రక్తం వస్తోందని మేము గాల్లోకి తేమ వదిలే హ్యుమిడిఫయర్ నలభై శాతానికి పెట్టేవాళ్ళం. మైనస్ 30లో అది చాలా ఎక్కువ. అంత చలిలో ఇంటి తేమ 15, 20 శాతం మించకుండా చూసుకోవాలి. హార్డ్‌వేర్ షాపులో తేమ చూపించే చిన్న మీటరు దొరుకుతుంది, తక్కువ ధరే, ఒకటి కొని పడగ్గదిలో పెట్టు. చర్మానికి కొబ్బరినూనె రాయి, గడ్డకట్టిందైనా అరచేతిలో కరుగుతుంది. బేస్‌మెంట్‌లో హెచ్‌ఆర్‌వి పెట్టె ఉందన్నావు కదా, లోపలి తడిగాలిని బయటికి పంపుతూ, దాని వేడితోనే బయటి గాలిని వెచ్చబరిచి లోపలికి తెస్తుంది. కరెంటు ఖర్చని దాన్ని ఆపేయకు. పొయ్యి మీద ఏముడుకుతున్నా పైన ఫ్యాన్ వేయమని చెల్లెమ్మకి చెప్పు.

మా ఇంట్లో ఏం జరిగిందో నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. 2018 మార్చిలో మొదటిసారి ఎండ కాసిన వారం, బాత్‌రూమ్ సీలింగ్ నుంచి చుక్కలు పడటం మొదలైంది. బయట వాన లేదు, పైకప్పు మీద మంచు కూడా సగం పోయింది. పైకప్పు పనులు చేసే అతన్ని పిలిస్తే, కప్పు మీది పలకలు, అదే షింగిల్స్, పాతబడ్డాయని ఆ పక్కంతా మార్చి మూడువేల డాలర్లు పట్టుకెళ్ళాడు. మళ్ళీ ఏడాది మార్చిలో అవే చుక్కలు, అదే చోట. అప్పుడు మా పక్కింటి ఉక్రేనియన్ పెద్దాయన వచ్చి, పైకప్పు వైపు చూడనే లేదు. బాత్‌రూమ్ ఫ్యాన్ ఆన్ చేసి కాసేపు విన్నాడు. తర్వాత నిచ్చెన తెమ్మన్నాడు.

ఆ చలికాలం ఇంకా పూర్తిగా పోలేదు, రాత్రుళ్ళు మైనస్ 20 ఉంటోంది. సీలింగ్‌కీ పైకప్పుకీ మధ్య ఉండే అటక మూత తోసి టార్చి వేసి చూశాను. అక్కడ చూసింది ఇప్పటికీ కళ్ళ ముందుంది. పైకప్పు చెక్కలోంచి కిందికి దిగిన మేకులు వందల కొద్దీ ఉన్నాయి, ప్రతి మేకు కొనకీ ఒక తెల్లటి మంచు ముద్ద. మల్లెమొగ్గలు గుచ్చినట్టు వరసలు వరసలుగా ఉన్నాయి. చెక్క మీదంతా గరుగ్గా, ఉప్పు చల్లినట్టు మంచు పొర. నేను వెచ్చటి ఊపిరి వదిలితే దగ్గరున్న మొగ్గ ఒకటి నా చెంప మీద చుక్కై పడింది. ఒక మూలన ఫ్యాన్ గొట్టం ఊడిపోయి దూది మీద పడి ఉంది. మూడు నాలుగేళ్ళుగా మేము స్నానం చేసిన ఆవిరంతా బయటికి పోకుండా అటకలో పోగై, గడ్డకట్టి, మార్చి ఎండకి కరిగి మా నెత్తి మీదికే వస్తోందన్నమాట. గొట్టం బిగించడానికి క్లాంపు ఒకటి, అల్యూమినియం టేపు ఒక చుట్ట పట్టింది. అటక మూత అంచుకి రబ్బరు పట్టీ అంటించాం, దాని సందులోంచి కూడా వెచ్చటి గాలి పైకి పోతోంది. అంతే. తర్వాత రెండేళ్ళూ ఒక్క చుక్క పడలేదు. కానీ అప్పటికే సీలింగ్‌లో ఒక పలక బూజు పట్టి నల్లబడింది, దాన్ని కోసి పారేయాల్సి వచ్చింది.

కాబట్టి ఈ వారాంతంలో నువ్వు చెయ్యాల్సిన మొదటి పని అటక మూత తెరిచి చూడటం. మేకులు చూడు. దూది మీద నడవకు, చెక్క దూలాల మీదే మోకాళ్ళు పెట్టు, మాస్క్ వేసుకో.

ఇదే నాకిప్పుడు ఇక్కడ కూడా జరుగుతోంది తెలుసా! మా పడగ్గది గోడకి నెమ్మెక్కి పెచ్చులూడుతున్నాయి. మేస్త్రీ వచ్చి గీకి, పుట్టీ పెట్టి, డ్యాంప్‌ప్రూఫ్ పెయింట్ వేస్తే అయిపోతుందంటాడు. నేను ఒప్పుకోలేదు. తడి ఉన్నంత మేర అంచు వెంబడి పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాశాను. పైఫ్లాట్ వాళ్ళని బతిమాలి వాళ్ళ బాత్‌రూమ్‌లో నేల మీది నీళ్ళు పోయే నహానీ ట్రాప్ మూసి, నేలంతా రెండంగుళాలు నీళ్ళు నింపి ఒక రోజంతా ఉంచాను. మర్నాటికి తడి నా గీత దాటి బెత్తెడు కిందికి దిగింది. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఇప్పుడు తెలుసు. ట్రాప్ చుట్టూ తవ్వి సరిచేశాక, గోడ నెల రోజులు ఆరాక, అప్పుడు రంగు. మేస్త్రీకి నేను చాదస్తుడిలా కనిపిస్తున్నాను. కనిపించనీ. మూడువేల డాలర్లు పోసి నేర్చుకున్న పాఠం ఇది.

ఇల్లంతా వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నెస్ గురించి రెండు మాటలు. ఫిల్టర్ నెలనెలా తీసి వెలుతురుకి పెట్టి చూడు, అవతలి వెలుగు కనిపించకపోతే మార్చెయ్. ఇంటి పక్కగోడలోంచి రెండు తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు బయటికి వస్తాయి, ఒకటి గాలి పీల్చేది, ఒకటి పొగ వదిలేది. పొగలో ఉన్న తేమ ఆ మూతి దగ్గరే గడ్డకట్టి గడ్డంలా వేలాడుతుంది. మంచు తుఫాను పడ్డ ప్రతిసారీ మొదట వాకిలి తవ్వకు, ఆ గొట్టాల ముందు తవ్వు. అవి మూసుకుంటే ఫర్నెస్ ఆగిపోతుంది, అంతకంటే పెద్ద ప్రమాదం విషవాయువు. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడగ్గదుల దగ్గర ఉందా? బ్యాటరీ ఎప్పుడు మార్చారు? ఇవి రెండూ నాకు రాయి.

ఒకవేళ ఫర్నెస్ వెలిగి, నాలుగైదు సెకన్లకే ఆరిపోయి, మళ్ళీ వెలిగి ఆరిపోతుంటే కంగారు పడకు. మాకు మైనస్ 34 ఉన్న రాత్రి రెండు గంటలకి అలాగే అయింది. బర్నరు పక్కన మంటలోకి తల పెట్టి సన్నటి ఇనుప పుల్లలాంటిది ఉంటుంది, ఫ్లేమ్ సెన్సర్. దాని మీద పొర పేరుకుంటే మంట ఉన్నా లేదనుకుని గ్యాస్ ఆపేస్తుంది. కరెంటు స్విచ్, గ్యాస్ రెండూ ఆపి, ఒక్క స్క్రూ తీసి, మెత్తటి స్టీల్ ఊల్‌తో దాన్ని తుడిచి మళ్ళీ పెట్టాను. చేతులు వణుకుతున్నాయి, పిల్లలిద్దరూ అమ్మ దుప్పట్లో దూరి ఉన్నారు. అది ఆగకుండా వెలిగినప్పుడు ఆ గాలి చప్పుడు విని నాకు ఏడుపొచ్చింది. దాన్ని దాటి ఇంకేదైనా అయితే నువ్వు ముట్టుకోవద్దు, గ్యాస్ లైసెన్స్ ఉన్నవాళ్ళని పిలువు.

సింకులో నీళ్ళు పోతుంటే గుడగుడమని, డ్రైనేజీ వాసన వస్తే పైకప్పు మీది గాలి గొట్టం మంచుతో పూడిందని అర్థం. అదీ ఆవిరి పనే.

కారు రాత్రంతా ప్లగ్‌లో పెట్టి ఉంచక్కర్లేదు, ఇంజిన్‌ని వెచ్చబెట్టే బ్లాక్ హీటరుకి టైమర్ పెడితే పొద్దున బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు చాలు. దోశపిండి పులవట్లేదని చెల్లెమ్మ బాధపడుతోందన్నావు. ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి గిన్నె పెట్టమను, పొద్దునకి పొంగుతుంది. పెరుగు కూడా అలాగే తోడుకుంటుంది. కరివేపాకు మొక్క కిటికీకి దూరంగా జరపండి, ఆకు అద్దానికి తగిలితే నల్లబడుతుంది.

బేస్‌మెంట్ గోడలో సన్నటి పగులు చూసి భయపడ్డావు. ఆ ఊరి నేల మన నల్లరేగడి లాంటిదే మామా. వేల ఏళ్ళ కిందట అక్కడ పెద్ద మంచు సరస్సు ఉండేది, అది వదిలి వెళ్ళిన బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. మీ బేస్‌మెంట్ మధ్యలో ఇనుప స్తంభాలకి మరలు ఉన్నాయి చూడు, ఇల్లు కదిలినప్పుడు దూలాన్ని సరిచేయడానికే అవి. నువ్వే తిప్పకు. పగులుకి అటూ ఇటూ పెన్సిల్ గీతలు పెట్టి తేదీ రాసి, వానాకాలం దాకా గమనించు. పెరిగితే అప్పుడు ఇంజినీర్‌కి చూపిద్దాం.

సంక్రాంతికి వస్తామన్నారు, టికెట్లు కూడా చూశారు. తప్పకుండా రండి. కానీ ఇల్లు వదిలి వచ్చేముందు మెయిన్ వాల్వ్ మూసి, కుళాయిలన్నీ తిప్పి నీళ్ళు ఖాళీ చేసి, ఫర్నెస్ 15 దగ్గర నడుస్తూ ఉంచి, తాళంచెవి పక్కింటివాళ్ళకి ఇచ్చి రా. చలికాలంలో ఇల్లు ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు వచ్చి చూసి పోతుండాలని చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో ఉంటుంది, మీది తీసి చదువు. ఎన్నాళ్ళకోసారి చూడాలో అందులోనే రాసి ఉంటుంది.

అమ్మ పిలుస్తోంది, పితికిపప్పు పొయ్యి మీదికెక్కింది. మీరొచ్చేసరికి సీజన్ ఇంకా ఉంటుంది, మీకోసం అనపకాయలు బస్తా చెప్పి ఉంచుతానంటోంది. నువ్వు మాత్రం అటకలో మేకుల ఫొటో, తేమ మీటరులో అంకె ముందు పంపించు. శనివారం రాత్రి నేను మేలుకునే ఉంటాను.

నీ
పాత రూమ్మేటు