బురుజు దగ్గరికి పోయొచ్చాను, బిడ్డా

బిడ్డా,

నేను పెట్టిన మెసేజీలు నువ్వు చదివినట్టు నీలం గీతలు పడుతున్నాయి కానీ జవాబు లేక మూడు వారాలైంది. పనిలో ఉన్నావనే అనుకుంటున్నా. అందుకే ఇలా పొడుగ్గా రాస్తున్నా, తీరిక చూసుకుని చదువు. చంటోడికి దగ్గు తగ్గిందా? చల్లటి పాలు ఇవ్వకండి, అమ్మ పదిసార్లు చెప్పమంది.

నిన్న ఆగస్టు 27 కదా, 1948లో బైరాన్‌పల్లిలో చనిపోయినవాళ్లను తలుచుకునే రోజు, అక్కడికి పోయొచ్చాను. మోకాళ్ల నొప్పితో ఎందుకని అమ్మ కసిరింది, అయినా పోయాను. పొద్దున్నే సన్నగా తుంపర. బురుజు దగ్గర జెండా ఎగరేశారు, బడి పిల్లలు తడుస్తూనే నిలబడ్డారు, స్తూపానికి దండలు వేశాక ఉపన్యాసాలు మొదలయ్యాయి. నేను ఉపన్యాసాలు సరిగ్గా వినలేదు. పూలు పట్టుకుని వరుసలో ఉన్నప్పుడు రాజం మామ పక్కకు వచ్చి "మీ బిడ్డ అక్కడి సిటిజన్ అయిపోతోందట కదా, అప్లికేషన్ కూడా పెట్టారట" అన్నాడు. నాకేం చెప్పాలో తోచలేదు. అవునన్నట్టు తలూపాను. సరే, ఆ సంగతి తర్వాత.

తాత గొళ్ళెం పెట్టొద్దని గొడవ చేస్తే నువ్వు నవ్వేదానివి గుర్తుందా? అది ఎందుకో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. 1948లో తాతకు తొమ్మిదేళ్లు. బైరాన్‌పల్లి వాళ్లు అప్పటికే రజాకార్లను, అంటే నిజాం వైపు ఉండి ఊళ్ల మీద పడే దండును, తరిమికొట్టారు. బురుజు మీద కాపలా ఉండేవాళ్లు, ఎవరైనా వస్తుంటే నగారా మోగించేవాళ్లు, చేతిలో ఉన్నవి వడిసెలలు, నాటు తుపాకులు. ఆగస్టు 27న తెల్లవారకముందే రజాకార్లు నిజాం సైన్యాన్ని, ఫిరంగిని వెంటబెట్టుకుని వచ్చారు. ఫిరంగి చప్పుడు మన ఊరి దాకా వినిపించిందట. ఇక మన మీదికే వస్తారని తాత వాళ్లమ్మ ఆయన్ను జొన్నల పాతరలోకి దించి, పైన బండ వేసి, దాని మీద గడ్డి కప్పింది. చిన్న సందు వదిలింది గాలికి. లోపల జొన్నల ఆవిరి, చీకటి. పొద్దు గూకేదాకా అలాగే ఉన్నాడు. అమ్మ బతికుందో లేదో తెలియదు, అరిస్తే ఎవరు వింటారో తెలియదు, అందుకని మూతికి గుడ్డ కుక్కుకుని ఏడ్చానని చెప్పేవాడు. బయటికి తీసేసరికి అటువైపు ఆకాశం ఎర్రగా ఉందట. బైరాన్‌పల్లిలో మేనత్త ఇంట్లో ఇద్దరు మగవాళ్లు, ఇద్దరూ లేరు. పట్టుకొచ్చి వరుసగా నిలబెట్టి కాల్చారు. ఆ ఒక్క రోజే తొంభైకి పైగా ప్రాణాలు పోయాయి. అప్పటినుంచి తాత తలుపు మూసి ఉంటే నిద్రపోలేదు, మాఘమాసం చలిలో కూడా.

వాళ్లు పటాలకెక్కిన నాయకులు కారు బిడ్డా. దేశం అనే మాట వాళ్లలో ఎంతమంది నోట వచ్చిందో నాకు తెలియదు. మా ధాన్యం ఎత్తుకుపోవద్దు, మా ఆడవాళ్ల మీద చెయ్యి వెయ్యొద్దు అన్నారు, అన్నమాట మీద నిలబడ్డారు. నాకు దేశభక్తి అంటే అదే గుర్తొస్తుంది, మైకులో అరిచేది కాదు.

ఇంకో మాట. 1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగిరింది, మన హైదరాబాద్ రాజ్యంలో ఎగరలేదు, నిజాం భారతదేశంలో కలవనన్నాడు. బైరాన్‌పల్లి కాలింది ఆ తర్వాత ఏడాది దాటాక. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది, 17కల్లా నిజాం లొంగిపోయాడు. 21 రోజులు! ఇంకో 21 రోజులు బతికుంటే వాళ్లు ఈ దేశపు మనుషులయ్యేవాళ్లు. అందుకే తాత ఏ ఎన్నికలొచ్చినా బూత్ తెరవకముందే పోయి నిలబడేవాడు. మంచానపడ్డాక కూడా కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోయాం.

నేను నీకు నీతులు చెప్పడానికి ఇది రాయడం లేదు. పిల్లల చదువు, ఇన్నేళ్లు పడ్డ వీసా టెన్షన్, ఉద్యోగం పోతే సర్దుకుని రావాలన్న భయం, అన్నీ నాకు అర్థమవుతాయి. అల్లుడు ఏదైనా ఆలోచించే చేస్తాడు. కానీ అక్కడి సిటిజన్‌షిప్ తీసుకుంటే ఇక్కడి పాస్‌పోర్ట్ తిరిగి ఇచ్చేయాలట, వేరే దేశం సిటిజన్లైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఇస్తారట కానీ దానితో ఓటు ఉండదట, పొలం కొనడానికీ వీలుండదట. తెలుసుకున్నావా? కాగితం మీద సంతకం పెట్టేముందు రెండుసార్లు చదవాలి, నువ్వు చిన్నప్పటినుంచి తొందర మనిషివి. పిల్లలతో ఇంట్లో తెలుగే మాట్లాడు. రాత్రి పన్నెండు దాకా లాప్‌టాప్ ముందు కూర్చోకు, పోయినసారి వీడియోలో కళ్ల కింద నల్లగా ఉంది. మళ్లీ చెప్పడం మొదలుపెట్టాను.

నువ్వు తీసుకున్నా నాకు కోపం లేదు. ఆ మాట రాజం మామ నోట, అదీ స్తూపం దగ్గర వినాల్సి వచ్చింది, అదొక్కటే మనసులో ముల్లులా ఉంది. నీ నోటితో చెప్పి ఉంటే నేనే పదిమందికి చెప్పేవాణ్ని.

అమ్మ చింతకాయ తొక్కు, సకినాలు కట్టింది. కొరియర్‌లో సీసా పగలకుండా పాత చీర చుట్టాను. ఆదివారం మాకు రాత్రి తొమ్మిదికి ఫోన్ చెయ్యి, నేను నిద్రపోను.

చీర కోసం బీరువా తీస్తే నీ ఓటరు కార్డు దొరికింది, డిగ్రీలో ఉన్నప్పుడు తీసుకున్నది, రెండు జడలతో ఉన్నావు. పార్సిల్‌లో పెట్టాలా, నా దగ్గరే ఉంచుకోనా?

మీ బాపు