బడి సైకిళ్ళకు గాలి కొట్టే పంపు కావాలి

సంపాదకులకు నమస్కారం.

బారు కింద కాలు దూర్చి, పెద్దవాళ్ళ సైకిల్‌ను అడ్డం తొక్కుతూ బడికి పోయిన తరం ఆ రోజుల్ని ముచ్చటగా చెప్పుకుంటుంది. ఆదోని, ఆలూరు పల్లెల్లో ఇప్పటికీ సైకిల్ మీద బడికి పోయే పిల్లలున్నారు. విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దగ్గర ఆగిపోతుంది. ఊళ్ళో హైస్కూలు లేకుంటే తొమ్మిది, పది కోసం పక్క ఊరికి పోవాల్సిందే. వాళ్ళ సైకిళ్ళు ఎక్కువగా మూలపడేది గాలి దగ్గరే.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది కంపముల్లు. సర్కారు తుమ్మ కొట్టి బండ్ల మీద తోలుకుపోయేటప్పుడు దారి పొడుగునా రెమ్మలు రాలతాయి. ముల్లు టైరులో విరిగి లోపలే ఉండిపోతుంది. టైరు లోపల వేలితో తడిమి దాన్ని తీయకుండా ట్యూబుకు ప్యాచ్ వేసి ఎక్కిస్తే, మరుసటి రోజే మళ్ళీ పంచర్. ప్యాచ్ వేసే చోట గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, వేలికి అంటనంతగా ఆరనివ్వాలి. తడి మీద అతికిస్తే ఎండకు ఊడొస్తుంది. గాలి పోయాక కూడా తొక్కుకుంటూ వస్తే ట్యూబు వాల్వు మొదట్లో చిరుగుతుంది. అక్కడ ప్యాచ్ నిలవదు, ట్యూబే మార్చాలి. అందుకే దిగి తోసుకుంటూ రమ్మని పిల్లలకు చెప్పండి.

పంచర్ అని తెచ్చే కొన్ని సైకిళ్ళకు అసలు పంచరే ఉండదు. వాల్వుకు తొడిగిన సన్న రబ్బరు గొట్టం ఎండకు పగిలి ఉంటుంది. వాల్వు మూతికి ఉమ్మి తడి పెడితే బుడగలొస్తాయి. చిన్న రబ్బరు ముక్క మారిస్తే సరిపోయే పనికి పిల్లోడు బడి మానుకుంటున్నాడు!

వానలు పడితే నల్లరేగడి బంక మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగదు. బలవంతంగా తొక్కితే చైను ఊడుతుంది, కడ్డీలు వంగుతాయి. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేలు దూరేంత సందు పెట్టించి, మట్టి గీకడానికి క్యారియర్‌కు ఒక పుల్ల కట్టి పంపాలి. పుస్తకాల సంచి హ్యాండిల్‌కు తగిలిస్తే ఊచల్లో పడుతుంది, పాత ట్యూబుతో క్యారియర్ మీద కట్టాలి. ఆడపిల్లలు చున్నీని నడుముకు ముడేసుకోవాలి. సీటు మీద కూర్చుంటే మునివేళ్ళు నేలకు ఆనాలి.

ప్రతి హైస్కూల్లో ఒక గాలి పంపు, రెండు టైరు లివర్లు, గరుకు కాగితం, సొల్యూషన్, ప్యాచ్‌లు, వాల్వు రబ్బరు, నీళ్ళ బకెట్ పెట్టించాలని విద్యాశాఖ అధికారులను కోరుతున్నాం. వ్యాయామ ఉపాధ్యాయులకు ఒక పూట నేర్పితే చాలు, మేమే వచ్చి నేర్పుతాం. జూన్‌లో బడులు తెరిచేలోపు పంచాయతీలు దారి పక్క కంప కొట్టించాలి. కొట్టిన కంపను మాత్రం దారి మీదే వదలకుండా ఎత్తిపోయించాలి.

– సైకిల్ మెకానిక్కులు, ఆదోని, కర్నూలు జిల్లా