అరకు ఘాట్‌లో కూడా దారి చెప్పే పెట్టె

ఇన్వర్‌నెస్, స్కాట్లాండ్
నవంబర్, ఆదివారం సాయంత్రం

నాన్నకి, అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. నాలుగు గంటలకే చీకటి పడిపోతోంది. పాప హోంవర్క్ చేసుకుంటోంది, నేను వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను.

కారుకి దారి చెప్పే కొత్త జీపీఎస్ పెట్టె ఏది తీసుకోమంటావని నిన్న నువ్వు ఫోన్‌లో అడిగావు నాన్నా. సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. డ్యూటీకి టైమ్ అయిపోతోంది, పైగా అప్పుడే అమ్మ ఘాట్ రోడ్డు సంగతి చెప్పేసరికి నాకు దడ పట్టుకుంది. వాట్సాప్‌లో ముక్కలుగా పెడితే నువ్వు సగం చదివి ఊరుకుంటావు. కాగితం మీద ఉంటే మడిచి జేబులో పెట్టుకుని షాపుకి తీసుకెళ్తావు. అందుకే ఉత్తరం.

కార్తీక మాసం వనభోజనాలకని అరకు వెళ్ళారు, బాగానే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు అనంతగిరి దగ్గర పొగమంచు కమ్మేసిందని, ఫోన్ తన చేతిలోనే ఉందని అమ్మ చెప్పింది. "ఏటయ్యా, ఇందులో రోడ్డు లేదు, చుక్కొక్కటే ఉంది" అన్నానంది. ఆ మాట నా మనసులోంచి పోవడం లేదు. శుక్లాల ఆపరేషన్ అయి ఆరు నెలలు కాని మనిషి, చీకట్లో, మలుపుల్లో, ఆ వెలుతురు తెర కళ్ళకి దగ్గరగా పెట్టుకుని రోడ్డు కోసం వెతుకుతోంది. నువ్వు పక్క దారిలోకి దిగిపోయావు. ఎవరో అబ్బాయి బండి మీద ముందు వెళ్తూ మిమ్మల్ని మెయిన్ రోడ్డు ఎక్కించేదాకా గంటన్నర పట్టింది. ఆ అబ్బాయి చల్లగా ఉండాలి.

ఆ చుక్క సంగతి ముందు చెప్తాను నాన్నా, ఏది కొనాలన్నది దాన్లోనే ఉంది. చుక్క కనిపించిందంటే జీపీఎస్ పనిచేస్తున్నట్టే. ఉపగ్రహాలు భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ, నేను ఇక్కడున్నాను, ఇప్పుడు టైమ్ ఇంత అని చెప్తూనే ఉంటాయి. కనీసం నాలుగింటి మాట వినబడితే చాలు, మనం ఎక్కడున్నామో పెట్టె లెక్క కట్టేసుకుంటుంది. దానికి సెల్ టవర్ అక్కర్లేదు, సిమ్ కార్డూ అక్కర్లేదు. కొండ మీద పోయింది మ్యాప్. ఫోన్ ఆ మ్యాప్ బొమ్మని ఎప్పటికప్పుడు నెట్‌లోంచి తెచ్చుకుంటుంది. నెట్ పోతే చుక్క మిగిలి, కింద ఉన్న రోడ్డు మాయమవుతుంది. కాబట్టి నువ్వు ఏది కొన్నా మ్యాప్ మొత్తం దాని పొట్టలోనే ఉండాలి. తక్కినవన్నీ దాని తర్వాతే.

ఇది నీకు కొత్త సంగతి కాదు. 2014 అక్టోబర్ 12న మన విశాఖ మీదికి హుద్‌హుద్ తుఫాను వచ్చిన రాత్రి గుర్తుందా? అక్కకి నొప్పులు మొదలయ్యాయి. కరెంటు లేదు, ఒక్క ఫోన్ కూడా మోగడం లేదు. గాలి కొంచెం తగ్గగానే నువ్వు కారు తీశావు. నలభై ఏళ్ళుగా తిరిగిన ఊరే, కానీ చెట్లు పడిపోయి, హోర్డింగులు ఒరిగిపోయి, వీధి దీపాల్లేక ఏ సందు ఏదో నీకే తెలియలేదు. నేను వెనక సీట్లో అక్క తల ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను. అద్దానికి అంటించిన ఆ పాత పెట్టె ఒక్కటే వెలుగుతోంది. ఒక వీధికి అడ్డంగా చెట్టు ఉంటే నువ్వు వెనక్కి తిప్పుకునేవాడివి, అది రెండు క్షణాలు ఆగి ఇంకో దారి చెప్పేది. అలా ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు. తెల్లారేసరికి బుజ్జిగాడు పుట్టాడు. ఊళ్ళో టవర్లన్నీ పడిపోయినా ఆ పెట్టె పనిచేసిందంటే, మ్యాప్ దాని లోపలే ఉండబట్టి. దాన్ని అవతల పడేయమని ఇంట్లో ఎవరు అన్నా నువ్వు ఒప్పుకోకపోవడం నాకు అర్థమవుతుంది. నేనూ ఒప్పుకోను. బీరువాలోనే ఉంచు.

కానీ దాన్ని మళ్ళీ కారులో పెట్టే ఆలోచన మాత్రం వద్దు. తేదీ తప్పు చూపిస్తోందని నువ్వు రెండు మూడుసార్లు షాపుకి తిప్పావు కదా, బ్యాటరీ మార్చాలని వాళ్ళు డబ్బులు కూడా తీసుకున్నారు. తప్పు బ్యాటరీది కాదు. జీపీఎస్ ఉపగ్రహాలు తేదీని వారాల లెక్కలో పంపుతాయి, ఆ లెక్క 1,024 వారాలకి నిండిపోయి మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. 2019 ఏప్రిల్ 7న, మన టైమ్ ప్రకారం తెల్లవారుజామున ఐదున్నరకి, అలా సున్నాకి వచ్చింది. సాఫ్ట్‌వేర్ మార్చని కొన్ని పాత పెట్టెలు ఆ రోజు నుంచి 1999లోకి వెళ్ళిపోయాయి. మనదీ అదే. పైగా దానిలో మ్యాప్ 2011 నాటిది. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ అందులో లేదు. గోపాలపట్నం నుంచి బయల్దేరిన ఐదు నిమిషాలకే అది తికమక పడుతుంది.

ఇక్కడి నుంచి ఒకటి కొని పంపేద్దామని నాకూ అనిపించింది. ఇక్కడ దీన్ని శాట్‌నావ్ అంటారు. హైలాండ్స్ కొండల్లో పేషెంట్ల ఇళ్ళకి వెళ్ళేటప్పుడు నా కారులో ఉండేది అదే. ఒక్క కారే పట్టే రోడ్లు, ఎదురుగా బండి వస్తే పక్కకి తీసి ఆగడానికి అక్కడక్కడా కొంచెం వెడల్పు చోటు ఉంటుంది. మైళ్ళ తరబడి సిగ్నల్ ఉండదు. ఆ పెట్టె మీద నాకు చాలా నమ్మకం. కానీ ఇక్కడ అమ్మేవాటిలో యూరప్ మ్యాపులు వస్తాయి, ఇండియా మ్యాప్ విడిగా కొనుక్కుని ఎక్కించాలి. రిపేరు వస్తే నువ్వు ఎవరి దగ్గరికి వెళ్తావు? అక్కడే కొను. డబ్బులు నేను పంపుతాను, ఈ ఒక్క విషయంలో వద్దనకు.

అద్దానికి అంటించే రకమా, డ్యాష్‌బోర్డులో స్టీరియో బదులు బిగించే రకమా అని అడిగావు. బిగించేదే తీసుకో. అద్దానికి అంటించిన రబ్బరు కప్పు మన ఎండకి వదిలేస్తుంది, ఘాట్ మలుపులో ఊడి నీ కాళ్ళ దగ్గర పడితే ఇంకేమైనా ఉందా! మే నెలలో ఆర్కే బీచ్ దగ్గర కారు మూసి పెట్టి వెళ్తే లోపల వేడికి చిన్న బ్యాటరీలు ఉబ్బుతాయి. బిగించే రకానికి బ్యాటరీ గొడవ లేదు, తాళం తిప్పగానే కారు కరెంటుతోనే వెలుగుతుంది. కాకపోతే అది కొంచెం కిందకి ఉంటుంది, చూపు రోడ్డు మీద నుంచి దించాలి. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు కళ్ళు పక్కకి తిప్పితే కారు 22 మీటర్లు దాటిపోతుంది. ఘాట్‌లో 22 మీటర్లంటే ఒక మలుపు. అందుకే బొమ్మ కంటే గొంతు ముఖ్యం నాన్నా. తెలుగులో చెప్తుందో లేదో షాపులోనే పెట్టించుకుని విను. ఏసీ ఫుల్లుగా పెట్టి, అద్దాలు దించి, బయట బస్సు హారన్ కొడుతున్నప్పుడు వినబడుతోందా అని చూడు. ముందే చెప్తోందా, మలుపు దాటాక చెప్తోందా అన్నది కూడా.

తెర ఏడంగుళాలు చాలు. పెద్దది బాగుంటుందని అంటారు, కానీ ఏసీ గాలి వచ్చే చోటు మూసేస్తే ఏం లాభం. తెర మీద మెరుపు లేనిది చూడు. పొద్దున్నే భీమిలి వెళ్ళేటప్పుడు సూర్యుడు సముద్రం వైపు నుంచి, అంటే నీ కుడి చేతి వైపు నుంచి, నేరుగా దాని మీద పడతాడు. చీకటి పడగానే తనంతట తానే నల్లటి రంగులోకి మారేదై ఉండాలి, లేకపోతే ఆ వెలుతురుకి నీ కళ్ళు చెదురుతాయి. ర్యామ్ అంటారు, పెట్టె ఆలోచించడానికి వాడుకునే మెమరీ, అది 2 జీబీ అని చవకగా ఇస్తారు. వద్దు, కనీసం 4 జీబీ ఉండాలి. తక్కువైతే మలుపు వచ్చాక ఆలోచించడం మొదలుపెడుతుంది.

ఉపగ్రహాల గురించి కూడా ఒక మాట అడుగు. అమెరికా జీపీఎస్ ఒక్కటే కాకుండా రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో కూడా పట్టుకునేది తీసుకో. మన ఇస్రో నావిక్ కూడా ఉంటే మరీ మంచిది. అది మన ప్రాంతం కోసమే పెట్టింది, ఆ ఉపగ్రహాలు మనకి ఆకాశంలో బాగా ఎత్తున కనిపిస్తాయి. రెండు వైపులా కొండలున్న చోట ఆకాశం సన్నటి పట్టీలా మిగులుతుంది కదా, అప్పుడు నెత్తి మీద ఉన్నవే పనికొస్తాయి. అయితే నావిక్ ఒక్కదాని మీదే ఆధారపడేది వద్దు, దాని మొదటి ఉపగ్రహంలో టైమ్ చెప్పే అణు గడియారాలు ఆగిపోయాయి. ఎన్ని రకాలవి పట్టుకుంటే అంత నయం.

షాపులో కుర్రాడు పాటలు, సినిమాలు, రివర్స్ కెమెరా చూపిస్తాడు. చూడు, కానీ నువ్వు చేయించాల్సిన పరీక్ష వేరే ఉంది. ముందు నెట్ ఆపించు, నీ ఫోన్ హాట్‌స్పాట్ కూడా. అప్పుడు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి కొట్టమను. గుడి దొరికిందా, దొరికితే కారు పట్టని సందుల్లోకి తీసుకెళ్తోందా? తర్వాత భీమిలి అని కొట్టి చూడు, భీమునిపట్నం అని కొట్టి చూడు. రెండూ ఒకటేనని దానికి తెలియాలి. వాల్తేరు అన్నా విశాఖేనని కూడా. ఆఖరికి అనంతగిరి నుంచి ఎస్.కోటకి, అంటే శృంగవరపుకోటకి, దారి అడిగి, ఘాట్ రోడ్డుని వేళ్ళతో పెద్దది చేసి చూడు. మలుపులన్నీ ఒక్కొక్కటిగా కనిపించాలి. గీత తిన్నగా గీసేసినట్టుంటే ఆ మ్యాప్ మనకి పనికిరాదు. నెట్ ఆపితే చూపించలేం అన్నారనుకో, నమస్కారం పెట్టి వచ్చెయ్.

మ్యాప్ కొత్తది ఎన్నాళ్ళకి ఇస్తారు, దానికి మళ్ళీ డబ్బులా అన్నది బిల్లు మీద రాయించుకో. రోడ్లు మారుతూనే ఉంటాయి. మొన్న మొన్నటిదాకా పాడేరు మన జిల్లానే, 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాకి అదే కేంద్రం.

బిగించేటప్పుడు దగ్గర నిలబడు. స్టీల్ ప్లాంట్‌లో ముప్ఫై ఏళ్ళు ఎలక్ట్రికల్‌లో చేసినవాడివి, నీకు నేను చెప్పక్కర్లేదు. అయినా చెప్తున్నాను, కారు వైర్లు కోసి టేపు చుట్టనివ్వకు, కప్లర్ అనే ప్లగ్గు పెట్టి బిగించమను. జీపీఎస్ యాంటెన్నా అగ్గిపెట్టెంత ఉంటుంది. కొందరు దాన్ని స్టీరియో వెనకే ఇనుప రేకుల మధ్య పడేసి మూసేస్తారు. అప్పుడు దానికి ఆకాశం కనబడదు, నువ్వేమో పెట్టె మంచిది కాదనుకుంటావు. ముందు అద్దం కింద, డ్యాష్‌బోర్డు పైన పెట్టించు. మొదటిసారి ఆన్ చేశాక బయట ఆరుబయట ఒక పావుగంట కదలకుండా ఉంచు. ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఆ పట్టిక మొత్తం ఆకాశం నుంచి దిగడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత చకచకా పట్టుకుంటుంది.

అది వచ్చేదాకా కొండ ఎక్కొద్దు. తప్పనిసరైతే, వైఫై ఉన్నప్పుడు అరకు దాకా మ్యాప్ ఫోన్‌లోకి దింపుకుని ఉంచుకోండి, అక్కయ్య చేసి పెడుతుంది. కొత్త పెట్టె వచ్చినా ఫోన్‌లో కూడా ఒకటి ఉండనీ. ఇంకెప్పుడూ ఫోన్ అమ్మ చేతిలో పెట్టి దారి చూడమనకు నాన్నా. తను నీ పక్కన కూర్చుని కబుర్లు చెప్పాలి, కాఫీ తోటలు చూడాలి, అంతే.

రేపు పొద్దున్నే టేపు పట్టుకుని స్టీరియో ఉన్న చోటు వెడల్పు, ఎత్తు కొలిచి నాకు పంపు. దాదాపు 18 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే డబుల్ డిన్ అంటారు, ఏడంగుళాలది సరిగ్గా కూర్చుంటుంది. ఎత్తు 5 సెంటీమీటర్లే ఉంటే వేరే ఫ్రేమ్ కావాలి, అది నేను చూసి చెప్తాను. షాపుకి బావగారిని తోడు తీసుకెళ్ళు, ఆయన బేరం బాగా ఆడతారు.

అమ్మకి చుక్కల మందు రోజుకి మూడుసార్లు వేస్తున్నావా? బుజ్జిగాడికి నా ముద్దులు.

మీ చిన్నమ్మాయి