ఫోర్ట్ స్టికీన్ పాఠం మన రేవులకు అందాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. మా విశాఖలోనూ బడిపిల్లల ముందు గ్యాస్ సిలిండర్ మంట ఆర్పి చూపిస్తారు, కరపత్రాలు పంచుతారు. మంచి పనే. కానీ ఆ తేదీయే ఎందుకని అడిగితే పెద్దవాళ్లు కూడా చాలామంది తెల్లమొహం వేస్తున్నారు.

1944లో ఆ రోజే బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే సరుకుల ఓడ పేలిపోయింది. యుద్ధ అవసరాల కోసం 1942లో కెనడాలో కట్టిన ఓడ అది. రెండేళ్లయినా బతకలేదు. ఇంగ్లండ్ నుంచి యుద్ధ విమానాలు, బంగారు కడ్డీలు, దాదాపు 1,400 టన్నుల పేలుడు సామగ్రితో బయల్దేరింది. కరాచీలో విమానాలు దించి, ఖాళీ అయిన చోట వేల పత్తి బేళ్లు, నూనె పీపాలు, కలప ఎక్కించారు. ఒకే హోల్డులో, అంటే ఓడలో సరుకు పెట్టే అరలో, కింద పత్తి, పైన పేలుడు సామగ్రి! బేలు లోపల రాజుకున్న నిప్పు ఆరినట్టే ఉండి మళ్లీ అంటుకుంటుందని మన గుంటూరు జిన్నింగ్ మిల్లుల్లో ఏ హమాలీని అడిగినా చెబుతాడు.

ఈ ఓడ గురించి ఎవరు రాసినా బంగారు కడ్డీలు ఎగిరి ఊళ్లో పడిన సంగతే రాస్తారు. నన్ను కలచివేసేది మాత్రం పేలుడుకు ముందు గడిచిన ఆ రెండు గంటలు. మధ్యాహ్నం పొగ కనిపించింది. ఫైర్ సిబ్బంది 900 టన్నులకు పైగా నీళ్లు కొట్టారు, మంట లొంగలేదు. ఓడను సముద్రంలోకి లాగేయాలా, ముంచేయాలా, అక్కడే ఆర్పాలా? తలా ఒక మాట చెప్పారు. ఇదీ అని తేల్చే అధికారం ఒక్కరి చేతిలోనూ లేదు. 4 దాటాక ఓడ పేలింది, అరగంటకు మళ్లీ పేలింది. ఆ అదురు సిమ్లాలోని భూకంప యంత్రానికీ తెలిసింది. సింధియా కంపెనీ ఓడ జలపద్మ ఎగిరి గట్టు మీద పడింది. 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోయాయి. మొత్తం మృతులు 800 అని కొందరు, 1,300 అని కొందరు అంటారు. డాక్ కూలీల లెక్క ఎవరు సరిగ్గా రాశారు గనక? యుద్ధం పేరు చెప్పి ప్రభుత్వం ఆ వార్తనే వారాల తరబడి తొక్కిపెట్టింది.

1997లో రిఫైనరీ మంటలు, 2020లో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ విషవాయువు చూసిన ఊరు మాది. అదే 2020లో లెబనాన్‌లోని బీరూట్ రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలి ఏం చేసిందో టీవీల్లో చూశాం.

అందుకే నా విన్నపం. ఈ వారోత్సవాల్లో విశాఖ, గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో డాక్ కార్మికులనూ ఊళ్లోని ఫైర్ స్టేషన్లనూ కలిపి ఓడ మీదే మాక్ డ్రిల్ చేయించాలి. ఏ హోల్డులో ఏ సరుకుందో చెప్పే కాగితం మొదటి ఫైరింజన్ గేటు దాటేలోపే దాని అధికారి చేతికి అందాలి. మంట లొంగకపోతే ఓడను ఏం చేయాలో తేల్చే అధికారి ఎవరో, రాత్రి 2 గంటలకైనా ఆయన్ను ఏ నంబరులో పట్టుకోవాలో ఓడ ఆగే ప్రతి బెర్తు దగ్గరా తెలుగులో బోర్డు పెట్టాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం