భోగికి ఇచ్చిన సబ్బుల సంగతి

భోగి రోజు పొద్దున్నే ఫోన్ చేసిన కొర్లగుంట అక్కకి ముందుగా క్షమాపణ. "ఏం మా, ఈసారి సబ్బు చురుక్కుమంటా ఉంది, పిల్లోడు ఏడుస్తా ఉండాడు" అని ఆమె అంటే, నలుగుపిండి గరుకుగా ఉందేమో చూడక్కా అని తేలిగ్గా అనేశాను. కనుమ నాటికి అదే మాటతో ఇంకో నలుగురు ఫోన్ చేశారు. నలుగుపిండి తప్పేం లేదు. సబ్బుదే తప్పు.

నేను చేసిన సబ్బుల్లో కాగితం మీద 41, 42, 43 అని వాయి అంకెలున్నవి ఎవరి దగ్గరున్నా వాడొద్దు. సగం అరిగిపోయినా సరే తెచ్చివ్వండి, పూర్తి డబ్బులు ఇస్తాను. మిగతా అంకెలున్నవి నిశ్చింతగా వాడుకోండి, వాటిని ఒక్కొక్కటిగా చూసుకున్నాను.

ఏం జరిగిందో చెప్తాను, కొంచెం లెక్క ఉంది. సబ్బంటే నూనెకి కాస్టిక్ సోడా నీళ్లు కలపడం. అయితే ఏ నూనెకి ఎంత సోడా అన్నది దేని లెక్క దానిదే. కిలో టెంకాయ నూనె 183 గ్రాముల సోడా తింటుంది. శెనక్కాయ నూనెకి 137 చాలు, ఆముదానికి 128. నా వాయి పది కిలోల నూనెలది: ఐదు కిలోలు టెంకాయ, నాలుగు శెనక్కాయ, ఒకటి ఆముదం. టెంకాయ నూనె సబ్బుకి గట్టిదనం, నురగ ఇస్తుంది, కానీ అదొక్కటే అయితే ఒళ్లు ఎండిపోతుంది. శెనక్కాయ నూనె మెత్తదనం కోసం, ఆముదం నురగ నిలవడం కోసం. మొత్తానికి 1591 గ్రాముల సోడా పడుతుంది. అంతా వేసేయకుండా కొంచెం తగ్గించి వేస్తాం. అప్పుడు సోడాకి చిక్కకుండా కొంత నూనె మిగిలి ఒంటికి అందుతుంది. సూపర్‌ఫ్యాట్ అంటారు దాన్ని.

ఇంతకాలం ఆ తగ్గింపు 5 శాతం. ఈసారి 3కి దించాను. ఇది నేను చేసిన పని, ఇందులో ఎవరి చేతా లేదు. ఊరికే దించలేదు. పోయిన ఎండాకాలం సబ్బుల మీద నారింజ రంగు మచ్చలొచ్చి, పాత నూనె వాసన కొట్టిందని మీలో చాలామంది అన్నారు. మిగిలిన శెనక్కాయ నూనె మన తిరుపతి ఎండకి పాడైపోయి వచ్చిన మచ్చలవి. మిగిలే నూనెని తగ్గిస్తే మచ్చలూ తగ్గుతాయి కదా అనుకున్నాను. పైగా సబ్బు తొందరగా కరిగిపోతోందని కంప్లైంటు. (నీళ్లు నిలిచే గిన్నెలో పెడితే ఏ సబ్బైనా కరుగుతుంది, అది వేరే సంగతి.) నెల రోజులు అటూ ఇటూ ఊగాను. రాత్రి 5 అనుకుని పడుకుని, పొద్దున 3 అని లేచేదాన్ని. చివరికి 1543 గ్రాముల సోడా వేశాను. నూనె మంచిదైతే దానికేం ఇబ్బంది లేదు, ఇప్పటికీ అదే అంటాను.

నూనె మంచిది కాదు. అప్పుడే వచ్చిన టెంకాయ నూనె డబ్బా అది. నూనె అమ్మే ఒకాయన దగ్గర మూడేళ్లుగా కొంటున్నాను. పేరు చెప్పను, అడగొద్దు. ఫ్రిజ్‌లో పెట్టి చూస్తే తెల్లగా గడ్డకట్టింది, సరేలే అనుకున్నాను. ఆ చలికి పామోలిన్ కూడా గడ్డకడుతుందన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు. ధనుర్మాసంలో అయితే కళ్లెదుటే ఉంది. తెల్లారుజామున వరండాలో పాత క్యాన్ అడుగున మిగిలిన నూనె వెన్నలా బిగుసుకుపోయి ఉంది, పక్కనే కొత్త డబ్బాలో నూనె పాయసంలా కదులుతా ఉంది. 24 డిగ్రీలకి కాస్త కిందికి పోతే టెంకాయ నూనె పేరుకోవాలి. చూశాను, ముగ్గు వేసుకోవడానికి పోయాను. అప్పటికే మూడు వాయిలూ బల్ల మీద ఆరుతున్నాయి.

ఇంకొకటి దాచితే మీకే కాదు, నాకూ మంచిది కాదు. అమ్మే ముందు ప్రతి వాయిలోంచి ఒక సబ్బు తీసి నాలుక కొసకి ఆనించి చూస్తాను. సోడా మిగిలుంటే చురుక్కుమంటుంది. ఈసారి 40వ వాయి చూసి, అన్నీ ఒకే చేత్తో పోసినవే కదా అని మిగతావి చూడలేదు. సంక్రాంతి ఆర్డర్ల తొందర. 40 పాత నూనెతో పోసింది. ఫోన్లు వచ్చాక 41 ఆనించి చూస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన దగ్గరే కొన్న రెండో డబ్బాలోంచి నూనె ల్యాబ్‌కి పంపించాను. సాపోనిఫికేషన్ విలువ, అంటే నూనె ఎంత క్షారం తింటుందో చెప్పే అంకె, 239 అని వచ్చింది (ల్యాబ్ వాళ్లు దాన్ని సోడాతో కాదు, వేరే క్షారంతో లెక్కిస్తారు). అమ్మే టెంకాయ నూనెకి అది 250కి తగ్గకూడదని నిబంధన. రిపోర్టు పట్టుకుని పోతే ఆయన నవ్వి, "ఏదో కొంచెం పామోలిన్ కలిసుంటుంది మా. బజ్జీలేసుకునేవాళ్లే అడగలేదు, సబ్బుకి నీకెందుకమ్మా అంత?" అన్నాడు. కొంచెమట! ఇంటికొచ్చి లెక్క కడితే పదికి మూడు పాళ్లు తేలింది. అట్లాంటి నూనె కిలోకి 170.4 గ్రాముల సోడానే తింటుంది. అంటే నా వాయికి మొత్తం 1528 చాలు. నేను వేసింది 1543. పదిహేను గ్రాముల సోడా తినే నూనె లేక సబ్బులో మిగిలిపోయింది. పాత 5 శాతమే అయితే 1511 వేసేదాన్ని, ఆయన కల్తీ కూడా ఎవరికీ తెలియకుండా పోయేది. అది తలుచుకుంటే ఆయన మీద కంటే నా మీద నాకు కోపం వస్తోంది.

అమ్ముడుపోని సబ్బులు తురిమి, ఇంకొంచెం నూనె కలిపి ఉడికించి మళ్లీ అచ్చు పోయొచ్చు. మా ఆయన అదే అన్నాడు, పాపం, లెక్క చూసేది ఆయనే. అట్లా చేస్తే పనికొస్తాయి, కాదనను. కానీ నా పేరున్న కాగితం చుట్టి అవి అమ్మలేను. తురిమి, ఇంట్లో నేల కడగడానికి వాడుకుంటున్నాం. వచ్చే దీపావళి దాకా సరిపోతాయి.

పామోలిన్ మీద నాకు పగ లేదు. పామోలిన్ అని చెప్పి అమ్మితే దాని లెక్క దానికి కట్టుకుని గట్టి సబ్బే చేయొచ్చు. ఖర్చూ తగ్గుతుంది. చాలామంది చేస్తారు. నేను చేయను, అంతే.

ఇకమీదట ఎండు కొబ్బరి నేనే కొని, గానుగ దగ్గర నిలబడి ఆడించుకుంటాను. పది కిలోలకి ఆరు కిలోల దాకా నూనె వస్తోంది, అందుకని సబ్బుకి పది రూపాయలు పెరుగుతుంది. తగ్గింపు మళ్లీ 5 శాతానికే తెచ్చాను. ఆరబెట్టేది నాలుగు వారాలు కాదు, ఆరు. మచ్చల బెడద ఎండాకాలంలో మళ్లీ రావచ్చు, అందుకని ఒకేసారి పది కొనిపెట్టుకోకండి, నెలకి సరిపడా తీసుకోండి. ఉగాదికి కొత్తవి వస్తాయి. ప్రతి వాయీ నాలుక మీద పెట్టి చూశాకే కాగితం చుడతాను.

పాత సబ్బులు వెనక్కిచ్చేవాళ్లు సాయంత్రం ఐదు తర్వాత రండి. బిల్లు అక్కర్లేదు. కొర్లగుంట అక్కా, మీరు రావద్దు, నేనే వస్తాను.

ఆ నూనె అమ్మినాయన డబ్బాలు రెండూ మా వరండాలోనే ఉన్నాయి, ఒకటి ఖాళీ, ఒకటి దాదాపు నిండు. పంపించమని రెండుసార్లు ఫోన్ చేశాడు. నిండుదానికి డబ్బులిచ్చి తీసుకుపొమ్మన్నాను.