మార్కెటింగ్ నేర్పుతామని తీసుకెళ్లి పిల్లల చేత ఫోన్లు చేయిస్తారా?

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ సిటీ పేజీలో పదో తరగతి రాసిన పిల్లలకు కార్పొరేట్ అనుభవం అంటూ ఫొటోతో సహా వార్త వేశారు. కంపెనీ టీషర్టులు, మెడలో ఐడీ కార్డులతో వరసగా నిలబడ్డ ఆ పిల్లల్లో మా మనవరాలు కూడా ఉంది. మీ విలేకరి వాళ్లలో ఒక్కరినైనా పక్కకు పిలిచి 'అక్కడ ఏం చేశావమ్మా' అని అడిగి ఉంటే నాకు ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

నేను 31 ఏళ్లు సబ్బులు, టీ పొడి అమ్మే కంపెనీల్లో సేల్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. అందుకే పిల్లకు మార్కెటింగ్ డిపార్ట్‌మెంట్‌లో మూడు వారాల ఇంటర్న్‌షిప్ అనగానే ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే. కొత్త నోట్‌బుక్కు, రెండు పెన్నులు కొనిచ్చి పంపాను. అంతా అయిపోయాక ఆ పుస్తకం తీసి చూస్తే మార్కెటింగ్ గురించి ఒక్క ముక్క లేదు. పేజీల నిండా పేర్లు, ఫోన్ నంబర్లు. వాటి ఎదురుగా 'రేపు చేయమన్నారు', 'స్విచ్ఛాఫ్', 'తిట్టారు' అని పెన్సిల్‌తో రాసుకుంది. కూర్చుని లెక్కపెట్టాను. 212 నంబర్లు. 'తిట్టారు' అని 19 చోట్ల ఉంది. సగానికి పైగా మా బంధువులవి, అపార్ట్‌మెంట్ వాళ్లవి, దాని స్నేహితురాళ్ల అమ్మానాన్నలవి. రోజుకు 15 'లీడ్స్' (కొనేలా ఉన్నవాళ్ల పేర్లు, నంబర్లు) తెచ్చి కంపెనీ షీట్‌లో ఎక్కించాలని పదిహేనేళ్ల పిల్లకు టార్గెట్ పెట్టారు. శని, ఆదివారాలు మాల్‌లో స్టాల్ దగ్గర నిలబడి పాంప్లెట్లు పంచడం. ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. వేడినీళ్ల బకెట్‌లో కాళ్లు పెట్టుకుని, 'కూర్చుంటే ఊరుకోరు తాతయ్యా' అని చెప్పింది.

స్కూలుకు వెళ్లి అడిగాను. 'అది పని కాదు సార్, ట్రైనింగ్' అన్నారు. సరే, ఏ రోజు ఏం నేర్పారో ఒక్క కాగితం చూపించమన్నాను. అలాంటిదేమీ లేదు. నేర్పింది లేనప్పుడు అది పనే. పని అయితే దానికి చట్టం ఉంది. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి 14 నుంచి 18 ఏళ్ల లోపు వాళ్లను కూడా అందులోకి తెచ్చారు. ఏకబిగిన మూడు గంటలకు మించి పనిచేయించకూడదు, ఆ తర్వాత గంట విరామం ఇవ్వాలి, విరామంతో కలిపి ఆరు గంటలు దాటకూడదు. రాత్రి 7 నుంచి పొద్దున 8 వరకు అసలు పనిలోనే ఉంచకూడదు. హోటల్లో కప్పులు కడిగే పిల్లాడి విషయంలో మనకు గుర్తొచ్చే ఈ చట్టం ఏసీ మాల్‌లో టీషర్టు వేసుకుని నిలబడ్డ పిల్ల విషయంలో ఎవరికీ ఎందుకు గుర్తు రాదు?

ఫోన్ల సంగతి ఇంకా ఘోరం. మొబైల్ నంబర్ నుంచి ప్రచార కాల్స్ చేయకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఎప్పటి నుంచో చెబుతోంది. రిజిస్టర్ చేసుకున్న కంపెనీలకు 140తో మొదలయ్యే నంబర్లున్నాయి. రిజిస్ట్రేషన్ లేకుండా ఇలా కాల్స్ చేసేవాళ్ల కనెక్షన్లు కట్ చేసి, రెండేళ్ల దాకా బ్లాక్‌లిస్టులో పెట్టమని 2024 ఆగస్టులో టెలికాం కంపెనీలను ఆదేశించింది. మా పిల్ల కాల్స్ చేసింది వాళ్ల అమ్మ పేరు మీదున్న సిమ్‌తో. ఆ తిట్టినవాళ్లలో ఎవరైనా ఫిర్యాదు చేస్తే మాట పడేది కంపెనీ కాదు, మా కోడలు.

నేను ఈ పని ఎలా నేర్చుకున్నానో చెప్పాలి. 1987లో సూర్యాపేటలో మా సీనియర్ ఒకాయన మొదటి రోజు నన్ను ఓ కిరాణా కొట్లో బియ్యం బస్తాల పక్కన కూర్చోబెట్టి, 'రెండు గంటలు నోరు తెరవకు, వచ్చినవాళ్లు ఏమని అడుగుతారో విను' అన్నాడు. కంపెనీ పేరు చెప్పి అడిగినవాళ్లు చాలా తక్కువ. 'ఎర్ర సబ్బు ఇవ్వు', 'ఆకుపచ్చ పొట్లం టీ పొడి' అనేవాళ్లే ఎక్కువ. రంగు మారిస్తే సరుకు కదలదని ఆ రోజే అర్థమైంది. పిల్లలకు ఇది నేర్పడానికి పైసా ఖర్చు లేదు. నాలుగు కొట్లకు పంపి ఏ సరుకు ఏ అరలో పెట్టారో రాసుకురమ్మనొచ్చు. కస్టమర్ల ఫిర్యాదులు ఓ పది చదివించొచ్చు. ప్రకటనలో వేసిన మాట నిజమేనా అని ఎవరు, ఎలా సరిచూస్తారో చూపించొచ్చు. కంపెనీలో ఒక మనిషి రోజుకో గంట కేటాయిస్తే చాలు.

పిల్లలు ఇంటర్న్‌షిప్‌లు చేయకూడదని నేను అనడం లేదు. 2020 జాతీయ విద్యా విధానంలోనే 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి దగ్గర పని నేర్చుకోవాలని ఉంది. 12వ తరగతి దాకా సెలవుల్లోనూ ఇలాంటి అవకాశాలు ఉండొచ్చని రాశారు. సీబీఎస్ఈలో 9, 10 తరగతులకు మార్కెటింగ్ ఒక స్కిల్ సబ్జెక్టు. మంచిదే. 2024లో పెట్టిన పీఎం ఇంటర్న్‌షిప్ పథకంలో 21 నుంచి 24 ఏళ్ల యువతకు నెలకు 5,000 రూపాయలు అన్నారు. అంత వయసు వచ్చినవాళ్లకే వయసు, కాలం, డబ్బు అన్నీ కాగితం మీద పెట్టినప్పుడు, పదిహేనేళ్ల పిల్లల్ని కంపెనీ చేతిలో పెట్టే స్కూళ్లను ఒక్క కాగితం కూడా అడిగేవాళ్లు లేరు. ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే స్కూలు విషయం మాది కాదన్నారు. ఇంకో ఆఫీసులో కంపెనీ విషయం మాది కాదన్నారు. ఇద్దరి మధ్యా మా పిల్ల రాత్రి తొమ్మిదింటికి మాల్‌లో నిలబడింది.

అసలు ఈ జాడ్యం ఎక్కడ మొదలైందో అందరికీ తెలుసు. ఫలితాలు రాగానే ఒకటి, ఒకటి, రెండు, రెండు అని టీవీల్లో అరిచి, పిల్లల ఫొటోలు ఫ్లెక్సీల మీద బస్టాండ్ల దాకా అతికించే ఊళ్లు మనవి. కోచింగ్ సెంటర్లు విద్యార్థి రాతపూర్వక అనుమతి లేకుండా పేరు, ఫొటో వాడుకోకూడదని 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. పిల్లల్ని ప్రచార సామగ్రిగా చూడటానికి స్కూళ్లు, కాలేజీలు, తల్లిదండ్రులమూ అలవాటు పడిపోయాం. మీ పత్రిక కూడా ఆ ఫొటో వేసింది.

వచ్చే వేసవిలోపు విద్యాశాఖ, కార్మికశాఖ కలిసి ఒక ఉత్తర్వు ఇవ్వాలి. ఏం నేర్పుతారో ముందే తల్లిదండ్రులకు రాసివ్వాలి. టార్గెట్లు, ఫోన్ కాల్స్, రాత్రి పని ఉండకూడదు. కంపెనీలో ఒక పెద్ద ఉద్యోగి పేరు పెట్టి బాధ్యత తీసుకోవాలి.

ఇక మా మనవరాలు షీట్‌లో ఎక్కించిన ఆ 212 పేర్లు. వాళ్లలో ఎవరూ తమ నంబర్ కంపెనీకి ఇవ్వమని దానికి చెప్పలేదు. ఆ వివరాలు తీసేశామని కంపెనీ చేత రాయించి ఇవ్వమని మూడు వారాల కిందట స్కూలుకు ఉత్తరం ఇచ్చి, అందినట్టు సంతకం కూడా తీసుకున్నాను. ఇప్పటికీ జవాబు లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత సేల్స్ ఉద్యోగి,
వనస్థలిపురం, హైదరాబాద్